బట్టల తొట్టి నుంచి సొంత ఫ్యాక్టరీ దాకా – మేడమ్ సి.జె. వాకర్ జీవితం

'కాస్మెటిక్ చార్జీలు' అనే మాట తెలియని హాస్టల్ విద్యార్థి ఉండరు. సబ్బుకు, కొబ్బరినూనెకు, మగపిల్లలకైతే కటింగుకు ప్రభుత్వం ఇచ్చే కొద్దిపాటి డబ్బుకు మన హాస్టళ్ళలో ఉన్న పేరు అది. ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడటం, వచ్చాక లెక్కపెట్టుకుని వాడుకోవడం మనందరికీ అలవాటే. అయితే సబ్బు, నూనె, షాంపూ చుట్టూ ఎంత పెద్ద వ్యాపారం ఉందో మనం పెద్దగా ఆలోచించం. ఆ వ్యాపారంలో, బానిసలుగా బతికిన తల్లిదండ్రుల బిడ్డ ఒకరు వందేళ్ళ క్రితమే సొంత ఫ్యాక్టరీ కట్టి నిలబడ్డారు. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఆమె పేరు మేడమ్ సి.జె. వాకర్. 1867లో పుట్టి 1919లో కన్నుమూసిన అమెరికా నల్లజాతి మహిళ. తలకు రాసుకునే ఒక లేపనంతో వ్యాపారం మొదలుపెట్టి, వేలాదిమంది నల్లజాతి స్త్రీలకు బతుకుతెరువు చూపించిన వ్యాపారవేత్త.

ఎక్కడి అమెరికా, ఎక్కడి మన హాస్టల్ అని మీకు అనిపించవచ్చు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్.బి. నగర్ చౌరస్తా దాకా మెట్రో పిల్లర్ల పక్కన ఒకసారి నడిచి చూడండి. రెండు రకాల బోర్డులు దారి పొడుగునా కనిపిస్తాయి. ఒకటి కోచింగ్ సెంటర్లవి, రెండోది బ్యూటీ పార్లర్లవి. జిల్లాల నుంచి బస్సు దిగిన మనలాంటి పిల్లలు మొదటి రకం బోర్డుల కిందికి వెళ్తారు. చదువు మధ్యలో ఆగిపోయిన మన అక్కచెల్లెళ్ళు కొందరు రెండో రకం బోర్డుల కింద పని నేర్చుకుంటారు. చోటు ఏదైనా లోపల తొలిచే ప్రశ్న ఒకటే. మనవల్ల అవుతుందా? మన రూపానికి, మన మాటకు, మన ఇంటిపేరుకు ఇక్కడ విలువ ఉంటుందా? ఈ ప్రశ్నతోనే సగం జీవితం గడిపిన మనిషి మేడమ్ వాకర్. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆమె జీవితం గురించి రాయాలనుకున్నాం.

పత్తి చేలో పుట్టిన సారా

ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబర్ 23న అమెరికా దక్షిణాన లూసియానా రాష్ట్రంలో, మిసిసిపి నది ఒడ్డున ఉన్న డెల్టా అనే చిన్న ఊరిలో పుట్టింది. తండ్రి ఓవెన్, తల్లి మినర్వా. ఇద్దరూ అక్కడి ఒక పత్తి తోటలో బానిసలుగా బతికినవారు. 1865లో అంతర్యుద్ధం ముగిసింది. అదే ఏడాది రాజ్యాంగ సవరణతో అమెరికాలో బానిసత్వం రద్దయింది. బ్రీడ్‌లవ్ కుటుంబంలో స్వేచ్ఛా మనిషిగా పుట్టిన మొదటి బిడ్డ సారా.

స్వేచ్ఛ కాగితం మీదికి వచ్చింది గాని కడుపులోకి రాలేదు. అదే తోట, అదే పత్తి, అదే దొర. భూమి లేని కుటుంబం చేలో చేసిన కష్టం అప్పులకే సరిపోయేది. మన దేశంలో జ్యోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరి' పుస్తకం రాసి, బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు దాన్ని అంకితమిచ్చారు. శూద్రులను, అతిశూద్రులను కూడా అలాగే విడిపించాలని ఆయన కోరిక. సరిగ్గా ఆ కాలంలో ఐదారేళ్ళ సారా పత్తి చేలో పెద్దవాళ్ళతోపాటు పని చేస్తోంది. చట్టం మారినంత మాత్రాన బతుకు వెంటనే మారదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఏడేళ్ళు నిండేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ చనిపోయారు. అక్క లూవీనియా ఆమెను చేరదీసింది. పదేళ్ళ వయసులో అక్కతో కలిసి నది దాటి విక్స్‌బర్గ్ పట్నం చేరి ఇళ్ళలో పనికి కుదిరింది. బడి చదువు మొత్తం కలిపినా మూడు నెలలు మించలేదు. ఆదివారం చర్చిలో నేర్పే అక్షరాలే ఆమెకు తెలిసిన చదువు. బావ పెట్టే బాధలు పడలేక పద్నాలుగేళ్ళకే మోజెస్ మెక్‌విలియమ్స్ అనే అతన్ని పెళ్ళి చేసుకుంది. 1885లో కూతురు లీలియా పుట్టింది. రెండేళ్ళకే మోజెస్ చనిపోయాడు. చదువు లేదు, ఆస్తి లేదు, తల్లిదండ్రులు లేరు, భర్త లేడు. చంకలో రెండేళ్ళ పాప. అప్పటికి సారాకు ఇరవై ఏళ్ళు. మన హాస్టల్లో ఆ వయసు పిల్లలు డిగ్రీ ఫైనలియర్ పరీక్షలు రాస్తుంటారు.

తొట్టి ముందు ఒక ప్రశ్న

సారా అన్నలు సెయింట్ లూయిస్ నగరంలో క్షవరాలు చేసి బతికేవారు. పాపను తీసుకుని ఆమె వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. అక్కడ బట్టలు ఉతికే పనిలో చేరింది. వేడి నీళ్ళు, ఘాటైన సోడా సబ్బు, చెక్క తొట్టి, గరుకు పలక. రోజంతా ఉతికినా డాలరున్నర మించి వచ్చేది కాదు. ఒకటి రెండేళ్ళు కాదు, దాదాపు పదిహేడు పద్దెనిమిదేళ్ళు ఆమె చేతులు ఆ తొట్టిలోనే ఉన్నాయి.

మన ఊళ్ళలో బట్టలు ఉతకడం, జుట్టు కత్తిరించడం కులానికి కట్టిపెట్టిన పనులు. ఆ పని లేకపోతే ఊరికి పూట గడవదు, కాని పని చేసినవాళ్ళకు మాత్రం గౌరవం ఉండదు. అమెరికాలో దానికి కులం అనే పేరు లేదు. కాని నల్లవాళ్ళకు వదిలిపెట్టిన పనులు అవే. అన్నలు జుట్టు కత్తిరించారు, చెల్లెలు బట్టలు ఉతికింది.

ఒకరోజు తొట్టి ముందు వంగి ఉతుకుతుండగా సారా తన చేతులను చూసుకుందట. వయసు మీద పడి నడుము వంగనప్పుడు నన్ను ఎవరు చూస్తారు, నా బిడ్డ సంగతేమిటి అన్న ఆలోచన వచ్చిందని, ఎంత ఆలోచించినా జవాబు దొరకలేదని ఆమె తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. గొప్పవాళ్ళకు మొదటి నుంచీ ఆత్మవిశ్వాసం ఉంటుందని వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో చదువుతాం. సారా విషయంలో అది నిజం కాదు. ముప్పై ఐదేళ్ళు దాటేదాకా ఆమెకు తన మీద నమ్మకం కన్నా అనుమానమే ఎక్కువ.

ఆ అనుమానం ఆమె సొంతంగా తెచ్చుకున్నదేమీ కాదు. నీ రంగు తక్కువది, నీ జుట్టు వికారమైనది, నీ చదువు సున్నా అని చుట్టూ ఉన్న సమాజం రోజూ చెబుతూ ఉంటే ఏ మనిషికైనా లోపల కొంత నమ్మబుద్ధి వేస్తుంది. మనలో చాలామందికి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆమెను నిలబెట్టినవి రెండు. ఒకటి కూతురి చదువు. తొట్టి డబ్బుల్లో నుంచే కూడబెట్టి లీలియాను బడికి, ఆ తర్వాత 1902లో టెన్నెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్ కాలేజీకి పంపింది. రెండోది సెయింట్ పాల్ చర్చి. అక్కడికి వచ్చే నల్లజాతి స్త్రీలలో చదువుకున్నవాళ్ళు, సంఘాలు నడిపేవాళ్ళు ఉండేవారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకు, పేదవాళ్ళకు వాళ్ళు సాయం చేసేవారు. తన రంగు మనిషి తల ఎత్తుకుని, శుభ్రమైన బట్టల్లో, నలుగురి ముందు మాట్లాడగలదని సారా అక్కడ కళ్ళారా చూసింది. చూడనిదే మనిషికి ఊహ కూడా రాదు. మన హాస్టల్‌కు ఉద్యోగం వచ్చిన సీనియర్ అన్న ఒకసారి వచ్చి వెళ్తే జూనియర్లు వారం రోజులు ఇంకాస్త ఎక్కువసేపు చదవడానికి కారణం కూడా ఇదే.

జుట్టు ఊడిన మనిషి జుట్టు మందు చేసింది

ఆ రోజుల్లో సారాకు జుట్టు విపరీతంగా ఊడిపోయింది. ఇది ఆమె ఒక్కదాని బాధ కాదు. పేదల ఇళ్ళకు కుళాయిలు లేవు. తలస్నానం చాలా రోజులకొకసారి. వాడే సబ్బు బట్టలకు వాడే ఘాటు సబ్బు. సరైన తిండి లేదు. చుండ్రు, పుండ్లు, దురద ముదిరి కుదుళ్ళు పాడై ఎంతోమంది నల్లజాతి స్త్రీలకు జుట్టు పలచబడిపోయేది. తలకు గుడ్డ కట్టుకుని తిరిగేవారు. అసలు కారణం పేదరికం, నీళ్ళు లేకపోవడం. లోకం మాత్రం ఆ జాతి జుట్టే అంత అని తీర్మానించింది.

సెయింట్ లూయిస్‌లో ఆనీ టర్న్‌బో అనే మరో నల్లజాతి మహిళ అప్పటికే జుట్టు మందు తయారుచేసి అమ్ముతోంది. ఆనీ మలోన్ అనే పేరుతో తర్వాతి కాలంలో ఆమె కూడా చాలా పెద్ద వ్యాపారవేత్త అయింది. సారా ఆమె దగ్గర ఏజెంటుగా చేరింది. వ్యాపారంలో మొదటి ఓనమాలు అక్కడే నేర్చింది. తర్వాత సారా సొంతంగా మందు తయారుచేసినప్పుడు ఆనీ దాన్ని అనుకరణ అంటూ గట్టిగానే నిందించింది. ఇద్దరి మధ్య పోటీ చాలా ఏళ్ళు నడిచింది. వాకర్ కథ చెప్పేవాళ్ళు ఆనీ పేరు మరచిపోతుంటారు. దారి చూపిన మనిషిని తలచుకోవడం న్యాయం కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

1905లో సారా డెన్వర్ నగరానికి బయలుదేరింది. అప్పుడు చేతిలో రెండు డాలర్లు కూడా లేవు. వంటమనిషిగా పనిచేస్తూ, మిగిలిన వేళల్లో మందు కలిపి ఇంటింటికీ తిరిగి అమ్మింది. ఆ మందులో మాయలేమీ లేవు. ముఖ్యమైనవి గంధకం, పెట్రోలియం జెల్లీ. గంధకం చుండ్రును, తలమీది పుండ్లను తగ్గిస్తుందని వైద్యానికి చాలాకాలంగా తెలుసు. సారా పద్ధతిలో మందుతోపాటు తలను తరచుగా కడుక్కోవడం, బ్రష్‌తో దువ్వడం, కాచిన దువ్వెన వాడటం ఉండేవి. కాచిన దువ్వెనను కనిపెట్టింది ఆమే అని కొందరు రాస్తారు గాని అది నిజం కాదు, ఆ దువ్వెన అంతకు ముందే ఉంది. ఆమె కనిపెట్టింది వేరే ఉంది. ఎవరూ కొనుగోలుదారుగా లెక్కచేయని పేద నల్లజాతి స్త్రీకి కూడా తన తలను, తన ఒంటిని చూసుకునే హక్కు ఉందని ఆమె గుర్తించింది. తన జుట్టు ఊడి, మళ్ళీ పెరిగిన ఫొటోలనే ప్రకటనలో వేయించింది. ఏ లోపాన్ని చూసి సిగ్గుపడిందో దాన్నే లోకం ముందు పెట్టింది.

సారా 'మేడమ్' అయిన సంవత్సరం

1906లో సారా, పత్రికా ప్రకటనల పని తెలిసిన చార్లెస్ జోసెఫ్ వాకర్‌ను పెళ్ళి చేసుకుంది. అప్పటి నుంచి తన పేరును 'మేడమ్ సి.జె. వాకర్' అని వేసుకుంది. ఈ 'మేడమ్' గురించి కొంచెం చెప్పాలి. ఆ కాలంలో తెల్లవాళ్ళు నల్లజాతి స్త్రీని ఎంత పెద్దదాన్నయినా మర్యాదవాచకం లేకుండా ఉత్త పేరుతో పిలిచేవారు, లేదా ఆంటీ అని పిలిచేవారు. మన నాయనమ్మలను, తాతలను ఊళ్ళో చిన్నపిల్లలు కూడా 'ఏమే', 'ఒరే' అని పిలిచిన రోజులు మనకు తెలుసు. పేరు చివర 'గారు' అన్న రెండక్షరాల కోసం మన పెద్దలు ఎంత పోరాడారో తెలుసు. డబ్బా మీదే 'మేడమ్' అని అచ్చు వేయిస్తే కొనేవాడు, అమ్మేవాడు, ఉత్తరం రాసేవాడు అందరూ అలాగే పిలవాలి. ఇక్కడి నుంచి మేమూ ఆమెను మేడమ్ వాకర్ అనే పిలుస్తాం.

అదే 1906లో మన హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ గారు జగన్ మిత్ర మండలి స్థాపించారు. అంటరానివాళ్ళు అని పిలిపించుకోవడం మాని, ఈ నేల ఆదివాసులం, ఆది హిందువులం అని చెప్పుకోవాలని తర్వాతి ఏళ్ళలో ఆయన ఉద్యమం నడిపారు. పిల్లలకు బడులు పెట్టారు. ఒకరి సంగతి ఒకరికి తెలియని ఇద్దరు మనుషులు, భూమికి రెండు వైపులా, పేరుతోనే పని మొదలుపెట్టారు.

మేడమ్ వాకర్ తర్వాత ఏడాదిన్నర పాటు దక్షిణ రాష్ట్రాలన్నీ తిరిగారు. చర్చిల్లో, ఇళ్ళ వసారాల్లో కూర్చుని స్త్రీలకు తల కడిగి, మందు రాసి చూపించారు. 1908లో పిట్స్‌బర్గ్‌లో కూతురి పేరుతో శిక్షణ బడి తెరిచారు. 1910లో ఇండియానాపోలిస్ నగరానికి మారి అక్కడ ఫ్యాక్టరీ, సెలూన్, శిక్షణ కేంద్రం ఏర్పాటు చేశారు. 1911లో కంపెనీని చట్టప్రకారం రిజిస్టర్ చేయించారు. ఫ్రీమన్ రాన్సమ్ అనే నల్లజాతి న్యాయవాది లెక్కలు, వ్యవహారాలు చూసుకున్నారు. చిన్నగా అమ్మితే చాలనుకున్న భర్తకు, దేశమంతా అమ్మాలన్న ఆమెకు పొసగలేదు. 1912లో ఇద్దరూ విడిపోయారు.

చదువు తక్కువన్న బెంగ మాత్రం ఆమెను వెంటాడింది. ఫ్యాక్టరీ బాధ్యతల కోసం ఆలిస్ కెల్లీ అనే ఉపాధ్యాయురాలిని నియమించుకుని, ఆమె దగ్గరే భాష, రాయడం, మాట్లాడటం నేర్చుకున్నారు. తన దగ్గర జీతం తీసుకునే మనిషి ముందు విద్యార్థిలా కూర్చోవడానికి ఆమె చిన్నతనం అనుకోలేదు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషు ఇంటర్వ్యూ అంటే చెమటలు పట్టే మనకు ఇది పనికొచ్చే సంగతి. నలభై ఏళ్ళు దాటాక ఆమె నేర్చుకోగలిగితే ఇరవైల్లో ఉన్న మనకు ఆలస్యమైందేమీ లేదు.

పిలవని సభలో లేచి నిలబడ్డ రోజు

1912లో చికాగోలో నల్లజాతి వ్యాపారుల జాతీయ సంఘం మహాసభ జరిగింది. దాని అధ్యక్షుడు బుకర్ టి. వాషింగ్టన్. ఆయన కూడా బానిసగా పుట్టి, చదువుకుని, టస్కెగీ విద్యాలయాన్ని కట్టిన మహానుభావుడే. అయినా జుట్టు మందుల వ్యాపారం మీద ఆయనకు మంచి అభిప్రాయం లేదు. మేడమ్ వాకర్ మాట్లాడటానికి అవకాశం కోరారు. దొరకలేదు. ఇండియానాపోలిస్‌కు చెందిన జార్జ్ నాక్స్ అనే పత్రికాధిపతి ఆమె తరఫున లేచి అడిగారు. అయినా అధ్యక్షుడు పట్టించుకోలేదు. సభ నిండా మగవాళ్ళు.

చివరి రోజున మేడమ్ వాకర్ పిలుపు కోసం చూడలేదు. ఉన్నచోటే లేచి నిలబడి మాట్లాడటం మొదలుపెట్టారు. తన వ్యాపారం తన జాతి స్త్రీలకు గౌరవం తెచ్చేదేనని, తాను పత్తి చేల నుంచి బట్టల తొట్టికి, అక్కడి నుంచి వంటింటికి వచ్చానని, ఆపైన తనకు తానే ప్రమోషన్ ఇచ్చుకుని తయారీ రంగంలోకి వచ్చానని, సొంత స్థలంలో సొంత ఫ్యాక్టరీ కట్టానని చెప్పారు. మాట పూర్తయ్యాక వాషింగ్టన్ వెంటనే మెచ్చుకున్నదేమీ లేదు. కాని మరుసటి ఏడాది, 1913లో, ఆయన ఇండియానాపోలిస్ వచ్చినప్పుడు ఆమె ఇంట్లోనే అతిథిగా ఉన్నారు. ఆ ఏడాది మహాసభకు ఆమెను వక్తగా పిలిచారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ రోజు ఆమెకు భయం లేదని ఎవరూ చెప్పలేరు. ఆమెను తక్కువగా చూసింది పరాయివాళ్ళు కాదు, తన జాతి పెద్దలే. పరాయివాడు కాదన్నదాని కన్నా మనవాడు కాదన్నది ఎక్కువ బాధిస్తుంది. అనుమానం పూర్తిగా పోయాక లేద్దామనుకుని ఉంటే ఆమె ఆ సభలో ఎప్పటికీ లేచేవారు కాదు.

వేల చేతులకు పని

మేడమ్ వాకర్ గొప్పతనం తాను సంపాదించడంలో కన్నా పదిమందికి సంపాదన నేర్పడంలో ఉంది. 'వాకర్ ఏజెంట్లు' అనే పేరుతో స్త్రీలకు శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్ ఇచ్చి, సరుకు ఇచ్చి పంపేవారు. ఆమె చనిపోయే నాటికి సుమారు 20 వేలమంది ఏజెంట్లు ఉన్నారని కంపెనీ చెప్పుకుంది. దొరల ఇళ్ళలో వారమంతా చాకిరీ చేస్తే వచ్చే జీతం కన్నా వాళ్ళకు ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చేది. ఆ డబ్బుతో ఇళ్ళు కొన్నారు, పిల్లలను చదివించారు. 1917లో ఫిలడెల్ఫియాలో 200 మందికి పైగా ఏజెంట్లతో మహాసభ జరిపారు. ఎక్కువ సరుకు అమ్మినవాళ్ళతోపాటు ఎక్కువ దానధర్మాలు చేసినవాళ్ళకూ బహుమతులు ఇచ్చారు. నల్లవాళ్ళను గుంపులుగా చేరి చంపే మూకహత్యలను ఆపాలని అదే సభ నుంచి అమెరికా అధ్యక్షుడు విల్సన్‌కు టెలిగ్రాం పంపారు.

ఆ సభకు కొద్దిరోజుల ముందే, ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో నల్లవాళ్ళ ఊచకోతకు నిరసనగా 1917 జూలై 28న న్యూయార్క్‌లో వేలమంది మౌన ప్రదర్శన చేశారు. ఆ తర్వాత హార్లెమ్ నాయకుల బృందంతో కలిసి మేడమ్ వాకర్ అధ్యక్ష భవనానికి వెళ్ళారు. అధ్యక్షుడు కలవలేదు, తీరిక లేదని కార్యదర్శితో చెప్పించారు. ఎంత డబ్బు సంపాదించినా ఆ గుమ్మం ముందు ఆమె నల్లజాతి మనిషే. అందుకే ఆమె వ్యాపారాన్నీ పోరాటాన్నీ వేరుచేసి చూడలేదు.

1913లో కూతురు లీలియా న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఇల్లు, సెలూన్ ఏర్పాటు చేశారు. 1916లో మేడమ్ వాకర్ కూడా అక్కడికి మారారు. సరిగ్గా ఆ 1913 నుంచి 1916 వరకు, బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో డాక్టర్ అంబేద్కర్ గారు అదే నగరంలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. హార్లెమ్‌కు అది నడిచి వెళ్ళగల దూరం. ఒక స్కాలర్‌షిప్ విద్యార్థి, ఒక బట్టలుతికిన మనిషి. ఇద్దరూ తమవాళ్ళను లేపాలనుకున్నవాళ్ళే. ఆ కాలంలో ఆ వీధుల్లో ఎలాంటి గాలి వీచిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

రంగు తెల్లబరిచే క్రీము అమ్మలేదు

ఆమె మీద విమర్శ లేకపోలేదు. కాచిన దువ్వెనతో జుట్టు సాఫు చేయడమంటే తెల్లవాళ్ళను అనుకరించడమేనని కొందరు పాస్టర్లు, నాయకులు అన్నారు. తాను జుట్టు పెంచడానికి మందు ఇస్తున్నానే గాని నిటారుగా చేయడానికి కాదని ఆమె జవాబిచ్చారు. ఈ వాదన ఈనాటికీ తెగలేదు. మాకు కూడా ఆ విమర్శలో కొంత నిజం ఉందనిపిస్తుంది. ఏది అందం అని నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్న చిన్నదేమీ కాదు.

అయితే ఒక విషయం మాత్రం ఆమె గౌరవాన్ని పెంచుతుంది. ఒంటి రంగును తెల్లబరిచే క్రీములకు ఆ రోజుల్లో మంచి గిరాకీ ఉన్నా, తాను బతికున్నంత కాలం వాటిని అమ్మలేదు. అలాంటి క్రీము కంపెనీ సరుకులో చేరింది ఆమె మరణం తర్వాతే. మన దేశంలో 'ఫెయిర్ అండ్ లవ్లీ' 1975లో వచ్చింది. 45 ఏళ్ళ తర్వాత, 2020లో, విమర్శలు పెరిగాక పేరులోంచి 'ఫెయిర్' తీసేశారు. ఈ మధ్యకాలంలో మన హాస్టళ్ళలో ఎంతమంది పెట్టెల్లో ఆ ట్యూబు ఉండి ఉంటుందో ఆలోచించండి. నలుపు తక్కువ అని చెప్పి అమ్మడం ఒక వ్యాపారం. నీ తల, నీ ఒళ్ళు శుభ్రంగా ఆరోగ్యంగా చూసుకో అని చెప్పి అమ్మడం ఇంకో వ్యాపారం. రేపు మనలో ఎవరైనా ఈ రంగంలోకి వెళ్తే ఈ తేడా గుర్తుంచుకోవాలి.

చివరి రోజులు

1918లో న్యూయార్క్ సమీపాన ఇర్వింగ్టన్‌లో, కోటీశ్వరులైన తెల్లవాళ్ళ భవనాల మధ్య, మేడమ్ వాకర్ తన భవనం కట్టించారు. దాన్ని గీసింది వర్ట్‌నర్ టాండీ అనే నల్లజాతి ఆర్కిటెక్ట్. ఆ ఇంట్లో ఆమె ఎక్కువ కాలం ఉండలేదు. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ముదిరి 1919 మే 25న, 51 ఏళ్ళకే కన్నుమూశారు. మరణానికి కొద్దిరోజుల ముందు కూడా మూకహత్యలకు వ్యతిరేకంగా జరిగే పోరాటానికి 5 వేల డాలర్లు ప్రకటించారు.

ఆమెను అమెరికాలో స్వయంకృషితో మిలియనీర్ అయిన మొదటి మహిళగా చెబుతారు. చనిపోయే నాటికి ఆస్తి విలువ 6 లక్షల డాలర్ల వరకు ఉందని లెక్క తేలింది. అప్పటి రోజుల్లో అది మామూలు మొత్తం కాదు. అంకె ఏదైనా వీలునామాలో రాసిన మాట ముఖ్యం. ఇక ముందు వచ్చే నికర లాభాల్లో మూడింట రెండు వంతులు మంచి పనులకు పోవాలని రాశారు. 1998లో అమెరికా ప్రభుత్వం ఆమె బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేసింది. 2020లో ఆమె జీవితం మీద టీవీ సీరియల్ వచ్చింది.

మనం తీసుకోవలసింది

మిత్రులారా, మేడమ్ వాకర్ జీవితం చదివాక మాకు అర్థమైనది ఇది. మనవల్ల కాదేమో అన్న అనుమానం మన లోపం కాదు. తరాలుగా మన చేతికి అందించిన మూట అది. గది తలుపు వేసుకుని ఆలోచిస్తే ఆ మూట దిగదు. పనిలోకి దిగితే, పక్కన నిలబడే నలుగురు దొరికితే కొద్దికొద్దిగా తేలికవుతుంది. సారాకు అక్క ఇల్లు, అన్నల ఊరు, చర్చిలోని స్త్రీలు, పని నేర్పిన ఆనీ, చదువు నేర్పిన ఆలిస్ దొరికారు. వాళ్ళు లేకుండా ఆమె ఒక్కతే పైకి వచ్చిందని చెబితే అది అబద్ధమవుతుంది. మనకు ఆ చోటు ఈ హాస్టల్.

చెల్లెళ్ళూ, బ్యూటీషియన్ కోర్సు నేర్చుకుంటున్నామని చెప్పడానికి సిగ్గుపడకండి. చేతిపని ఏదీ తక్కువది కాదు. కాకపోతే పనితోపాటు లెక్క రాయడం, బ్యాంకు వ్యవహారం, ఏ క్రీములో ఏముందో చదివి తెలుసుకోవడం కూడా నేర్చుకోండి. తమ్ముళ్ళూ, గ్రూప్స్ రాసినా, డీఎస్సీ రాసినా, సొంతంగా దుకాణం పెట్టినా, భయం పోయాక మొదలుపెడదామని కూర్చోకండి. మొదలుపెడితేనే భయం పోతుంది.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక మనవి. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగిన ప్రతి కొత్త పిల్లవాడికి, పిల్లకు, నీవల్ల అవుతుంది అని చెప్పే మనిషి ఒకరు కావాలి. మాటతో సరిపెట్టకుండా ఫీజు గడువు, గది అద్దె, ఇంటర్వ్యూకు వేసుకునే చొక్కా దాకా చూసే మనిషి కావాలి. మేడమ్ వాకర్ తన ఏజెంట్లలో దానం చేసినవాళ్ళకు బహుమతి ఇచ్చారు. మనం బహుమతులు ఇవ్వలేకపోయినా, ఈ ఏడాది ఒక్కొక్కరం ఇద్దరు జూనియర్ల బాధ్యత తీసుకుందాం. అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.